మీ దేశంలో లేదట. అయితే ఏంటి?

మొన్న రాత్రి పదకొండింటికి ఒక ఫ్రెండ్ లింకు పంపాడు. బస్టర్ కీటన్ తీసిన షెర్లాక్ జూనియర్. 1924 నాటి మూకీ సినిమా, నిడివి ముప్పావుగంట. "చూసి పడుకో, నిద్రలో కూడా నవ్వుతావ్" అని ఓ మాట కూడా తగిలించాడు. నొక్కాను. నల్లటి తెర, మధ్యలో దిగాలు మొహం బొమ్మ, దాని కింద ఒక వాక్యం: అప్‌లోడ్ చేసినవారు ఈ వీడియోను మీ దేశంలో అందుబాటులో ఉంచలేదు.

నూరేళ్ళు దాటిన సినిమా అండీ. తీసినాయన 1966లోనే పోయాడు. మాటలే లేవు కాబట్టి ఏ భాషవాళ్ళైనా చూడొచ్చు. డబ్బు కట్టి చూడమన్నా ఒక పద్ధతి, అదీ కాదు, ఊరికే చూపిస్తున్నారు, కాకపోతే నాకు మాత్రం చూపించరట.

ఇలాంటప్పుడు ఎవరిని అడిగినా ఒకటే సలహా: వీపీఎన్ పెట్టుకో, అంటే మనం వేరే దేశంలో ఉన్నట్టు సైట్లకి చూపించే సాఫ్ట్‌వేర్. పెట్టుకున్నాను ఒకప్పుడు. రెండేళ్ళ కిందట ఇలాగే ఏదో సినిమా కోసం బ్రౌజర్‌లో ఒక ఉచిత వీపీఎన్ ఎక్స్‌టెన్షన్ తగిలించి, దేశాల జాబితాలో ఒక జెండా మీద నొక్కాను. సినిమా మొదలైంది, కానీ ప్రతి నలభై సెకన్లకీ ఆగిపోయి ఆ గుండ్రటి చక్రం తిరుగుతూ కూర్చుంది. ఈలోగా ఫోన్‌లో మెయిళ్ళు. మీ అకౌంట్‌లోకి కొత్త దేశం నుంచి లాగిన్ అయ్యారు, అది మీరేనా? నేనే, కానీ అక్కడ లేను, ఏమని చెప్పాలి. ఇంకో ట్యాబ్‌లో బ్యాంకు పేజీ తెరిచి ఉందన్న సంగతే మర్చిపోయాను, తెల్లారేసరికి ఆన్‌లైన్ లావాదేవీలన్నీ ఆపేసి ఉన్నాయి. నేను నేనేనని నిరూపించుకోవడానికి రెండు రోజులు పట్టింది. ఆ టెన్షన్‌లో సినిమా సగంలోనే ఆగింది, క్లైమాక్స్ ఏమైందో ఇప్పటికీ తెలీదు.

అప్పుడు కాస్త చదివాను వీటి గురించి. ఉచిత వీపీఎన్ నడిపేవాడికి కూడా సర్వర్ల ఖర్చుంటుంది, అది ఎక్కడో ఒకచోట రాబట్టుకోవాలి కదా. 2015లో బాగా పేరున్న ఒక ఉచిత వీపీఎన్ బాగోతం బయటపడింది. వాడుతున్నవాళ్ళ ఇంటర్నెట్ కనెక్షన్లనే వేరేవాళ్ళకి అమ్ముకుంటోందని తేలింది. అంటే మీరు ఎవరి ఇంటర్నెట్ అడ్రస్ మీదో సినిమా చూస్తుంటే, అదే సమయంలో ఇంకెవడో మీ అడ్రస్ మీద ఏం చేస్తున్నాడో మీకు తెలీదన్నమాట. ఒక సినిమా కోసం ఇది కొరివితో తల గోక్కోవడమే. డబ్బు కట్టే వీపీఎన్‌ల సంగతి వేరు, పనుల కోసం, ప్రైవసీ కోసం వాడేవాళ్ళు కోట్లమంది ఉన్నారు, చాలా దేశాల్లో అది నేరమూ కాదు, కొన్ని దేశాల్లో మాత్రం ఆంక్షలున్నాయి. కానీ వీపీఎన్‌తో దేశం మార్చుకుని సినిమా చూస్తే దాదాపు ప్రతి సైటు నిబంధనలనీ ఉల్లంఘించినట్టే. నెట్‌ఫ్లిక్స్ 2016 జనవరిలో ఒకేసారి 130 కొత్త దేశాల్లోకి అడుగుపెట్టింది, అదే నెలలో ప్రాక్సీలు, వీపీఎన్‌ల మీద కట్టడి పెంచుతున్నామనీ చెప్పింది. అప్పట్నుంచి ఇది పిల్లీ ఎలుకా ఆటే. నాకు ఆ ఆట మీద ఆసక్తి పోయింది.

ఇంతకీ మనం ఏ దేశంలో ఉన్నామో వాళ్ళకి ఎలా తెలుస్తుంది? ఇంటర్నెట్‌లో ప్రతి కనెక్షన్‌కీ ఒక ఐపీ అడ్రస్ ఉంటుంది, ఆ అడ్రస్‌లని ప్రపంచంలో ఐదు ప్రాంతీయ సంస్థలు కట్టలు కట్టలుగా పంచుతాయి. ఏ కట్ట ఏ దేశంలో ఏ కంపెనీకి వెళ్ళిందో రాసుకునే డేటాబేస్‌లు ఉంటాయి, సినిమా సైటు వాటిని అడిగి తెలుసుకుంటుంది. అంతే, పాస్‌పోర్టు చూసేదీ లేదు, భాష వినేదీ లేదు. ఈ లెక్క ఒక్కోసారి ఎంత ఘోరంగా తప్పుతుందంటే, ఇలాంటి ఒక డేటాబేస్, అమెరికాలో ఎక్కడుందో కచ్చితంగా తెలియని ప్రతి అడ్రస్‌నీ ఆ దేశపు నడిబొడ్డున ఒక చుక్క పెట్టి అక్కడ రాసేసింది. ఆ చుక్క కాన్సస్ రాష్ట్రంలో ఒక పొలం మీద పడింది. 60 కోట్లకి పైగా అడ్రస్‌లు ఆ ఒక్క పొలం పేరిట. దొంగ మెయిళ్ళు పంపినవాళ్ళని, తప్పిపోయినవాళ్ళని వెతుక్కుంటూ ఏళ్ళ తరబడి పోలీసులు, కోపంగా ఉన్న జనం ఆ ఇంటి తలుపు కొట్టారు. ఎందుకొస్తున్నారో ఆ ఇంట్లోవాళ్ళకి 2016 దాకా తెలీదు.

మొబైల్ డేటాది ఇంకో తమాషా. వేరే దేశం వెళ్ళి రోమింగ్‌లో ఉన్నారనుకోండి, మామూలుగా మీ డేటా మీ సొంత దేశపు నెట్‌వర్క్ దాకా వెళ్ళి అక్కణ్ణుంచే బయటికొస్తుంది. అందుకే హోటల్ వైఫైలో ఆడని వీడియో రోమింగ్‌లో ఆడుతుంది. బిల్లు చూశాక ఆ సరదా తీరిపోతుందనుకోండి, అది వేరే విషయం.

అడ్డు ఎందుకు పెడతారన్నది తెలుగువాళ్ళకి ప్రత్యేకంగా చెప్పక్కర్లేదు, ఏరియా హక్కులు అనే మాట మనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఈ ఏరియా ఒకరికి, ఆ ఏరియా ఇంకొకరికి, ఓవర్సీస్ మరొకరికి. ప్రపంచమంతా అదే పద్ధతి. చాలా సినిమాలకి షూటింగ్ అవకముందే దేశాలవారీగా హక్కులు అమ్మి, ఆ డబ్బుతోనే సినిమా తీస్తారు. ఒక దేశపు హక్కు కొన్నవాడు, పక్క దేశంవాడు ఊరికే పెడితే ఒప్పుకుంటాడా? డీవీడీల కాలంలో దీన్ని ప్లేయర్‌లోకే ఎక్కించారు. ప్రపంచాన్ని ఆరు రీజియన్లు చేసి, అమెరికాకి ఒకటో నంబరు, జపాన్‌కి, ఐరోపాలో చాలా భాగానికి రెండు, భారతదేశానికీ రష్యాకీ ఆఫ్రికాలో చాలా దేశాలకీ కలిపి ఐదు. విమానాలకీ ఓడలకీ విడిగా ఎనిమిదో నంబరు! అమెరికా నుంచి చుట్టాలు ఆప్యాయంగా తెచ్చిన డీవీడీ ఇంట్లో ప్లేయర్‌లో పెడితే "రాంగ్ రీజియన్" అని ఉమ్మేసిన రోజులు గుర్తున్నవాళ్ళకి ఈ నల్లతెర కొత్తేం కాదు.

అయితే ప్రతి అడ్డూ సినిమా హక్కుల వల్లే రాదు. టూబీ అని ఒక సైటుంది, 2014లో మొదలైంది, యాడ్స్ చూపించి సినిమాలు ఉచితంగా ఆడిస్తుంది. 2018లో ఐరోపాలో కొత్త డేటా ప్రైవసీ చట్టం రాగానే అది ఐరోపా నుంచి వెళ్ళిపోయింది. బ్రిటన్‌కి తిరిగొచ్చింది 2024లో. ఇలాంటి సైట్లకి ఇంకో లెక్క కూడా ఉంటుంది, మీ దేశంలో యాడ్స్ అమ్మిపెట్టే మనుషులు లేకపోతే మీరు చూసినకొద్దీ వాళ్ళకి నష్టమే. ఉచితం అంటే దానం అనుకుంటాం గానీ, ఇదే టూబీని 2020లో ఫాక్స్ కొన్నది 44 కోట్ల డాలర్లకి. అంతకు ముందు ఏడాది ఇలాంటిదే ప్లూటో టీవీని వయాకామ్ 34 కోట్ల డాలర్లకి కొంది.

ఇదంతా తెలిశాక నేను వెతికే పద్ధతే మారిపోయింది. ఫలానా సినిమా నా దేశంలో ఎలా రప్పించాలి అని బుర్ర బద్దలుకొట్టుకునేకంటే, దేశాలవారీగా అమ్ముకోవాల్సిన అవసరం లేనివాళ్ళ దగ్గర ఏ సినిమాలున్నాయో చూడటం మొదలుపెట్టాను. ఉన్నాయి, ఒక జన్మకి సరిపడా ఉన్నాయి.

మొదట కాపీరైట్ గడువు తీరినవి, అంటే పబ్లిక్ డొమైన్. ఇక్కడే జనం ఎక్కువ పొరబడతారు, పబ్లిక్ డొమైన్ అంటే ప్రపంచమంతా ఒకేసారి ఫ్రీ అయిపోతుందనుకుంటారు. కాదు, ఏ దేశపు గడియారం దానిదే. భారతదేశంలో సినిమా విడుదలైన మరుసటి ఏడాది నుంచి 60 ఏళ్ళు, కాబట్టి 1960లో వచ్చిన సినిమా గడువు 2020 చివరితో సరి. అమెరికాలో పాత సినిమాలకి 95 ఏళ్ళు, అందుకే 1928 నాటివి 2024 జనవరి 1న, 1929 నాటివి 2025 జనవరి 1న విడుదలయ్యాయి. జైలు నుంచి విడుదల అనాలేమో. ఐరోపా సమాఖ్యలో లెక్క సినిమా వయసుని బట్టి ఉండదు, దర్శకుడు, స్క్రీన్‌ప్లే రాసినవాడు, డైలాగులు రాసినవాడు, దాని కోసమే సంగీతం కట్టినవాడు, ఈ నలుగురిలో ఆఖరున పోయినవాడి చావు నుంచి 70 ఏళ్ళు. దీని ఫలితం చూడండి: జర్మనీలో తీసిన మెట్రోపోలిస్ 1927 నాటిది, అమెరికాలో 2023లో ఫ్రీ అయింది, పుట్టిన దేశంలో మాత్రం దర్శకుడు ఫ్రిట్జ్ లాంగ్ 1976 దాకా బతికాడు కాబట్టి 2046 చివరిదాకా ఆగాలి.

గడువు తీరకుండానే, పొరపాటున ఫ్రీ అయిపోయినవీ ఉన్నాయి, నాకు వీటి కథలే ఎక్కువ ఇష్టం. 1968లో జార్జ్ రొమేరో తీసిన నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్‌కి మొదట వేరే పేరుండేది. పంపిణీదారు ఆఖర్లో పేరు మార్చాడు, పాత టైటిల్ కార్డు తీసి కొత్తది అతికించాడు, పాత కార్డు మీదున్న కాపీరైట్ గుర్తు కొత్త కార్డు మీద వెయ్యడం మర్చిపోయారు. అప్పటి అమెరికా చట్టంలో ఆ గుర్తు లేకపోతే హక్కే లేదు. నడిచే శవాల సినిమాలన్నిటికీ తాత అనదగ్గ సినిమా, ఒక గీత మర్చిపోయినందుకు అందరి సొత్తయిపోయింది. 1963లో వచ్చిన షరాడ్‌ది ఇంకా అన్యాయం. ఆడ్రీ హెప్‌బర్న్, కారీ గ్రాంట్ ఉన్న పెద్ద స్టూడియో సినిమా, టైటిల్‌లో ఏడాది రాశారు, కంపెనీల పేర్లు రాశారు, సర్వహక్కులూ మావే అనీ రాశారు, కాపీరైట్ అనే ఒక్క మాట రాయలేదు. పోయింది. అయితే ఈ పొరపాట్ల లెక్క అమెరికాది. మిగతా దేశాల్లో చాలావాటికి గుర్తుతో పనిలేదు, 1886 నాటి బెర్న్ అనే అంతర్జాతీయ కాపీరైట్ ఒప్పందం ప్రకారం తీసిన క్షణం నుంచే హక్కు పుడుతుంది, అమెరికా ఆ ఒప్పందంలోకి వచ్చిందే 1989లో. కాబట్టి అమెరికాలో ఫ్రీ కదా అని ప్రతి దేశంలోనూ ఫ్రీ అనుకోకండి.

ఈ చిక్కుముడులన్నీ మనమే విప్పుకోనక్కర్లేకుండా నేను పట్టుకున్న చిట్కా ఒకటుంది. వికీపీడియా వాళ్ళదే వికీమీడియా కామన్స్ అనే సైటులో పూర్తి సినిమాలు దొరుకుతాయి, యాడ్స్ లేవు, లాగిన్ లేదు, దేశం అడగదు. వాళ్ళ నియమం ప్రకారం ఆ సినిమా అమెరికాలోనూ, తీసిన దేశంలోనూ రెండు చోట్లా స్వేచ్ఛగా ఉంటేనే ఉంచుతారు, లేకపోతే వాలంటీర్లు వాదించుకుని మరీ తీసేస్తారు. పాత సినిమా వికీపీడియా పేజీ తెరిచినప్పుడు పోస్టర్ దగ్గరో చివర్లోనో వీడియో ఉందేమో ఒకసారి చూడండి. నైట్ ఆఫ్ ది లివింగ్ డెడ్ నేను అలాగే చూశాను, రాత్రి ఒంటిగంటకి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని. అలా రాత్రిపూట చూడటం నా పొరపాటు.

మరి నా షెర్లాక్ జూనియర్ ఎందుకు ఆడలేదు? అమెరికాలో అది 2020లోనే ఫ్రీ అయింది కదా. వివరణ కింద చిన్న అక్షరాల్లో సమాధానం ఉంది: ఆ కాపీ కొత్తగా బాగుచేసింది, దానికి ఈ మధ్యనే కట్టిన సంగీతం జోడించారు. సినిమా పాతదే, సంగీతం కొత్తది, ఆ కొత్తదానికి కొత్త కాపీరైట్, దాన్ని కొన్ని దేశాలకే అమ్మారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వలేదన్నట్టు. మూకీ సినిమాలతో ఎప్పుడూ ఈ తంటానే. బ్లాక్ అయింది సినిమా అనుకుని వదిలేస్తాం, నిజానికి బ్లాక్ అయింది ఆ ఒక్క కాపీ. అదే సినిమా వేరే కాపీ, వేరే సంగీతంతోనో సంగీతం లేకుండానో, ఇంకోచోట హాయిగా ఆడుతూ ఉంటుంది.

సంగీతం సినిమాని ఎలా పట్టి ఉంచుతుందో చెప్పడానికి సీతా సింగ్స్ ది బ్లూస్‌ని మించిన ఉదాహరణ లేదు. నీనా పేలీ అనే ఆవిడ దాదాపు ఒంటిచేత్తో తీసిన యానిమేషన్, 2008లో పూర్తయింది. భర్త ఈమెయిల్‌లో తెగతెంపులు చేసుకుంటే ఆ బాధలో రామాయణం చదివి, సీత కథనీ తన కథనీ కలిపి అల్లింది. మధ్యలో మూడు తోలుబొమ్మలు కూర్చుని "అది కాదు, అలా జరగలేదు" అని కథ చెబుతూ ఒకళ్ళనొకళ్ళు దిద్దుకుంటూ ఉంటాయి, అచ్చం మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళు పురాణం చెప్పేటప్పటిలాగే. ఆ సినిమాలో సీత పాడే పాటలు ఆనెట్ హాన్‌షా అనే అమెరికా గాయని 1920ల్లో పాడినవి. రికార్డింగులు పాతబడ్డాయి గానీ, ఆ పాటలు రాసి బాణీ కట్టినవాళ్ళ హక్కులు అప్పటికి బతికే ఉన్నాయి. హక్కుదారులు మొదట అడిగింది దాదాపు 2,20,000 డాలర్లు, నీనా బేరం ఆడి ఆడి 50,000కి తెచ్చింది, ఆ డబ్బు అప్పుచేసి కట్టింది. కట్టాక సినిమాని అమ్ముకోకుండా ఎవరైనా చూడొచ్చు, కాపీ చేసుకోవచ్చు, పంచుకోవచ్చు అని నెట్‌లో వదిలేసింది. 2013లో మిగిలిన షరతులు కూడా ఎత్తేసింది. మన కథని ఎవరో అలా చెప్పడం నచ్చనివాళ్ళూ ఉన్నారు, సినిమా మీద గొడవా జరిగింది. నాకైతే బాగా నచ్చింది, ముఖ్యంగా ఆ మూడు బొమ్మల కబుర్లు.

ఇలా తీసినవాళ్ళే వదిలేసినవి ఇంకా ఉన్నాయి. బ్లెండర్ అనే ఉచిత త్రీడీ సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్ళు, దాని సత్తా చూపించడానికి 2006 నుంచీ చిన్న సినిమాలు తీస్తున్నారు. 2008లో బిగ్ బక్ బన్నీ, 2010లో సింటెల్, పదీ పదిహేను నిమిషాలవి. సినిమాతో పాటు బొమ్మల ఫైళ్ళు కూడా ఇచ్చేస్తారు, కావాలంటే మీరే మార్చుకోవచ్చు. పిల్లలకి బన్నీ పెట్టండి, సింటెల్ మాత్రం ముందు మీరు చూశాకే పెట్టండి, చివర్లో ఏడిపిస్తుంది.

ఇక నేను ఎక్కువసేపు గడిపేది ఫిల్మ్ ఆర్కైవ్‌ల దగ్గర. హక్కులు వాళ్ళవే, లేదా హక్కుదారులతో మాట్లాడుకుని పెట్టినవి, పైగా మా సినిమా ప్రపంచం చూడాలన్న తాపత్రయం వాళ్ళదే, కాబట్టి అడ్డు పెట్టాల్సిన అవసరం తక్కువ. కొరియన్ ఫిల్మ్ ఆర్కైవ్ యూట్యూబ్‌లో కొరియన్ క్లాసిక్ ఫిల్మ్ అనే ఛానెల్ నడుపుతోంది, 2012 నుంచి. పూర్తి సినిమాలు, ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్‌తో. కొరియన్ సీరియళ్ళు అదేపనిగా చూసే చాలామందికి ఈ ఛానెల్ ఉందని తెలీకపోవడం నాకు ఆశ్చర్యం. కిమ్ కి-యంగ్ తీసిన ది హౌస్‌మెయిడ్, 1960 నాటిది, అక్కడే చూశాను. మధ్యలో హఠాత్తుగా బొమ్మ మసకబారుతుంది, అంచుల్లో వణుకుతుంది, నా నెట్ పాడైందేమో అనుకున్నాను. కాదు. నెగెటివ్‌లో రెండు రీళ్ళు పోయాయి, తర్వాత 1990లో దొరికిన ఒక ప్రింటు నుంచి ఆ రెండు రీళ్ళూ తీసుకున్నారు, దాని మీద చేత్తో రాసిన ఇంగ్లీష్ సబ్‌టైటిల్స్ తెరలో దాదాపు సగం ఆక్రమించుకుని ఉన్నాయట. ఆ అక్షరాలని ఒక్కొక్క ఫ్రేములో కంప్యూటర్‌తో చెరిపి, వెనకాల మొహాలని బయటికి తెచ్చారు. అది తెలిశాక ఆ మసక సీన్లే మళ్ళీ వెనక్కి వెళ్ళి చూశాను, చెరిపిన చోటు కనిపిస్తుందేమోనని.

కెనడా ప్రభుత్వానిది నేషనల్ ఫిల్మ్ బోర్డ్, 1939లో పెట్టారు. వాళ్ళ సొంత సైటులో వేల చిత్రాలు ఉచితం, డాక్యుమెంటరీలు, యానిమేషన్లు, ఎక్కువ భాగం ఎక్కణ్ణుంచైనా ఆడతాయి. అక్కడ నైబర్స్ అనే ఎనిమిది నిమిషాల చిత్రం చూడండి, నార్మన్ మెక్లారెన్ 1952లో తీసింది, ఆస్కార్ వచ్చింది. పక్కపక్క ఇళ్ళవాళ్ళిద్దరూ కుర్చీలేసుకుని పేపర్ చదువుకుంటుంటారు, ఇద్దరి స్థలాల సరిహద్దు మీద ఒక పువ్వు పూస్తుంది, అది ఎవరిదన్న తగువు కంచెతో మొదలై ఎక్కడిదాకా వెళ్తుందో చెప్పను. నిజం మనుషులనే బొమ్మల్లా ఒక్కో ఫ్రేమూ జరిపి తీశాడు, ఒక్క మాట ఉండదు. సరిహద్దు మీద పువ్వు కోసం కొట్టుకునే సినిమా సరిహద్దుల్లేకుండా ఆడుతోందని నాలో నేనే నవ్వుకున్నాను.

మోస్‌ఫిల్మ్, సోవియట్ కాలం నాటి పెద్ద స్టూడియో, 2011లో తన సినిమాలని యూట్యూబ్‌లో పెట్టడం మొదలుపెట్టింది. దర్శకుడు తార్కోవ్‌స్కీ తీసిన సోలారిస్, స్టాకర్ లాంటివి స్టూడియో చేతుల మీదుగానే దొరుకుతాయి. వేరే దేశపు డిస్ట్రిబ్యూటర్‌కి అమ్మిన సినిమా ఆ దేశంలో ఆడకపోవచ్చు, అది మామూలే. స్టాకర్ రెండున్నర గంటలు దాటుతుంది, నిద్రొస్తే తప్పు మీది కాదు. డెన్మార్క్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ అయితే తన మూకీ సినిమాల కోసం ప్రత్యేకంగా ఒక సైటే పెట్టింది.

లైబ్రరీ కార్డు ఉన్నవాళ్ళు, ముఖ్యంగా బయటి దేశాల్లో చదువుకుంటున్నవాళ్ళు, కానోపీ అనే సినిమా సైటు గురించి కనుక్కోండి. లైబ్రరీయో యూనివర్సిటీయో దానికి డబ్బు కడుతుంది, మీకు ఖర్చుండదు, యాడ్స్ కూడా ఉండవు. చాలామంది విద్యార్థులకి తమ యూనివర్సిటీ లాగిన్‌తోనే అది తెరుచుకుంటుందని డిగ్రీ పూర్తయ్యేదాకా తెలీదు. ఫలానా సినిమాయే కావాలి అని పట్టుబట్టినప్పుడు నేను వెళ్ళేది జస్ట్‌వాచ్‌కి. బెర్లిన్ వాళ్ళది, సినిమా పేరు కొట్టి దేశం ఎంచుకుంటే ఆ దేశంలో చట్టబద్ధంగా ఎక్కడుందో, అద్దెకా, ఉచితమా, యాడ్స్‌తోనా అన్నది చూపిస్తుంది. ఒక వెబ్‌సైటు నుంచి ఇంకో వెబ్‌సైటుకి తిరిగే శ్రమ తప్పుతుంది. ఐరోపా సమాఖ్యలో ఉండేవాళ్ళకి ఇంకో వెసులుబాటు ఉంది, 2018 ఏప్రిల్ నుంచి. అక్కడ డబ్బు కట్టిన సబ్‌స్క్రిప్షన్ ఉంటే, సమాఖ్యలోని వేరే దేశానికి కొద్ది రోజులు వెళ్ళినా సొంత దేశపు సినిమాలే చూపించాలి. ఉచిత సర్వీసులకి మాత్రం అది వాళ్ళ ఇష్టం.

ఇక ఏది సక్రమం, ఏది దొంగది? ఇంటర్నెట్ ఆర్కైవ్ నాకెంతో ఇష్టం, 1996 నుంచి ఉంది, పాత సినిమాలకి గని లాంటిది, డౌన్‌లోడ్ కూడా చేసుకోవచ్చు. కానీ అక్కడ ఎవరైనా అప్‌లోడ్ చెయ్యొచ్చు, కాబట్టి అక్కడుంది కాబట్టి ఫ్రీ అనుకోవడానికి లేదు. నిన్నగాక మొన్న వచ్చిన సినిమా కూడా ఎవరో ఒకరు పెట్టేస్తారు, అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టు. యూట్యూబ్‌లో నేను మొదట చూసేది సినిమాని కాదు, ఛానెల్ పేరుని. స్టూడియోదా, ఆర్కైవ్‌దా, లేక పేరూ ఊరూ లేని ఛానెల్‌లో రెండొందల సినిమాలా? దొంగతనంగా పెట్టినవాటికి కొన్ని గుర్తులుంటాయి, బొమ్మ అద్దంలోలాగా కుడి ఎడమలు తారుమారై ఉంటుంది, లేదా చుట్టూ రంగురంగుల ఫ్రేము, లేదా గొంతులు చిన్నపిల్లల గొంతుల్లా సన్నగా. ఇవన్నీ కాపీ పట్టుకునే సాఫ్ట్‌వేర్‌ని బురిడీ కొట్టించడానికే. హీరో ఎడమ చేత్తో సంతకం పెడుతుంటే అనుమానించండి. పైరసీ సైట్ల సంగతి చెప్పక్కర్లేదు, ప్లే బటన్ నొక్కితే నాలుగు కిటికీలు తెరుచుకునే చోట సినిమా ఒక్కటే ఉచితం.

సబ్‌టైటిల్స్ ఇంగ్లీష్‌లోనే ఉన్నాయని ఆగిపోకండి. యూట్యూబ్ సెట్టింగ్స్‌లో సబ్‌టైటిల్స్ దగ్గర ఆటో ట్రాన్స్‌లేట్ నొక్కితే తెలుగు కూడా ఉంటుంది. అది అనువాదమా కవిత్వమా అనిపించే వాక్యాలు వస్తాయి, కానీ కథ అర్థమవుతుంది. మూకీ సినిమాలకి ఆ బాధే లేదు.

షెర్లాక్ జూనియర్ చివరికి దొరికింది, కామన్స్‌లో, పావుగంట వెతికితే. ఈ కాపీలో బొమ్మ అంత శుభ్రంగా లేదు, గీతలు పడి ఉంది, వానలో చూస్తున్నట్టు. కీటన్ అందులో సినిమా హాల్లో ప్రొజెక్టర్ నడిపే కుర్రాడు. పనిలో కునుకు తీసి, కలలో నడుచుకుంటూ వెళ్ళి తెర మీది సినిమాలోకి ఎక్కుతాడు. లోపలున్నవాడు పట్టుకుని బయటికి విసిరేస్తాడు. మళ్ళీ ఎక్కుతాడు. ఈసారి చోటే మారిపోతుంటుంది, కూర్చోబోయేసరికి బెంచీ మాయమై వీధి, నడవబోతే కొండ అంచు, తర్వాత సింహాలు, సముద్రంలోకి దూకబోతే మంచులో తల దిగబడుతుంది. నీళ్ళ ట్యాంకు సీనులో నిజంగానే అతని మెడ ఎముక చిట్లింది, ఆ సంగతి ఏళ్ళ తర్వాత ఎక్స్‌రే తీస్తే గానీ తెలీలేదు. అదే షాటు సినిమాలో ఉంది, దెబ్బ తగిలాక లేచి పరిగెడతాడు. నేను అక్కడ మూడుసార్లు వెనక్కి తిప్పి చూశాను.

ఒంటిగంట దాటాక ఫ్రెండ్‌కి కామన్స్ లింకు తిరిగి పంపాను. వాడు పొద్దున్నే జవాబిచ్చాడు: "మ్యూజిక్ ఏదిరా?"